లయనెల్ రిచీ, మా అన్నయ్య, మిగిలిన ఐదుగురు

మా ఇళ్ళల్లో అమెరికన్ గాయకుడు లయనెల్ రిచీ పేరెత్తితే ఇప్పటికీ రెండు పార్టీలే. ఒకటి నేను. రెండోది మా పెదనాన్నగారబ్బాయి, నాకంటే పదేళ్ళు పెద్దవాడు. 1985లో మొదలైన తగువు ఇది. ఆ మధ్య ‘వి ఆర్ ద వరల్డ్’ పాట రికార్డింగ్ మీద నెట్‌ఫ్లిక్స్‌లో డాక్యుమెంటరీ వస్తే చూసి, ఊరుకోలేక అన్నయ్యకి ఫోన్ చేశాను. “చూశావా, నలభై మందికి పైగా మహామహుల్ని ఒక్క రాత్రి ఒక్క గదిలో నిలబెట్టాడు మావాడు” అన్నాను. అవతలి నుంచి తడుముకోకుండా జవాబొచ్చింది. “నలభై మందిని పోగేసినోడు ముందు ఐదుగుర్ని ఒదిలేసొచ్చేడు కదరా!”

ఐదుగురంటే, రిచీ ఒంటరిగా పాడకముందు ఉన్న కమోడోర్స్ అనే గ్రూపులో మిగిలినవాళ్ళు. ఇంక ఈ తగువు నలుగురి ముందూ పెట్టేస్తే పోతుందనిపించింది.

అప్పట్లో మేం విశాఖపట్నం గాంధీగ్రాంలో ఉండేవాళ్ళం. నాన్న షిప్‌యార్డ్‌లో పని. ఆ వైపు పెరిగిన పిల్లలకి ఒక సౌకర్యం ఉండేది. ఓడల మీద వెళ్ళొచ్చేవాళ్ళు వీధికి ఒకరో ఇద్దరో తగిలేవారు. వాళ్ళు సెలవులకి ఇంటికొస్తే సెంటు సీసాలు, లైటర్లు, టూ-ఇన్-వన్‌లు, వాటితోపాటు కేసెట్లూ దిగేవి. ఊళ్ళో దుకాణాలకి రాకముందే కొన్ని ఇంగ్లిషు పాటలు మాకు సింధియా జంక్షన్‌లో టీ తాగుతూ వినపడేవి. గొప్పకి చెప్పడం లేదు. ఓడ మీద ఆయనకి ఏది నచ్చితే అదే మా సంగీత జ్ఞానం, అంతకు మించి ఏమీ తెలియదు.

రిచీ పాటల ‘కాంట్ స్లో డౌన్’ కేసెట్ అలా దొరికిందే. అమెరికాలో 1983లో వచ్చింది, మా దాకా రావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఎనిమిదే పాటలు. ‘హలో’ దగ్గర టేపు సాగిపోయేదాకా విన్నాం. నాకు మొదట నచ్చింది రాగం కూడా కాదు, మాటలు అర్థం కావడం. నాది తెలుగు మీడియం చదువు. మైకేల్ జాక్సన్ పాటలకి గెంతడమే గాని ఒక్క ముక్క అంతుబట్టేది కాదు. ఈయన మాత్రం మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుని, చిన్న చిన్న మాటలతో, మనకోసమే ఆగి పాడుతున్నట్టు పాడేవాడు. ఇంగ్లిషు పాట మొదటి నుంచి చివరి దాకా అర్థమవడం నాకు అదే మొదలు. ఆ సంబరం ఎలాంటిదో తెలుగు మీడియం వాళ్ళకి చెప్పక్కర్లేదు.

అదే కేసెట్‌లో ‘ఆల్ నైట్ లాంగ్’ అని ఇంకో పాట. పండగ వాతావరణం, మధ్యలో ఒకచోట అందరూ కలిసి ఏదో ఆఫ్రికా భాషలో అరుస్తారు. ఆ ముక్కలు కాగితం మీద తెలుగులో రాసుకుని బట్టీ పట్టాం. అందులో నిజమైన ఆఫ్రికా మాట దాదాపు లేదనీ, రిచీ తనే అల్లేశాడనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఆ పాటే పాడాడు. స్టేడియం నిండా జనం ఆ అర్థం లేని ముక్కలకే ఊగారు, గాంధీగ్రాంలో మేమూ అంతే.

ఇదిగో, సరిగ్గా ఈ వైభవం మధ్యలోకి అన్నయ్య దిగాడు.

అన్నయ్య పగలు పోర్టు దగ్గర ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద ఉండేవాడు. సాయంత్రాలు, పండగ రోజులు ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్. ఒకరోజు భోజనానికొచ్చి, నా టేప్ రికార్డర్లోంచి రిచీని బయటికి లాగి, జేబులోంచి ఇంకో కేసెట్ తీసి పెట్టాడు. ఎవరో ఓడ మీద రికార్డు చేసుకున్నది. దానిమీద బాల్‌పెన్నుతో ‘కమోడోర్స్’ అని ఇంగ్లిషులో రాసుంది. “మీవోడు ఇందులోంచి పారిపోయినోడే, ఇను” అన్నాడు.

మొదట బేస్ గిటారు. ఛాతీ మీద తట్టి లేపినట్టుంది. ట్రంపెట్, గిటారు, డ్రమ్స్ అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి పడ్డాయి. తర్వాత గొంతు. బొంగురుగా, కాస్త కొంటెగా ఉంది. నా రిచీ గొంతు కోసం వెతుక్కుంటున్నాను, దొరకడం లేదు. అన్నయ్య నా మొహం చూసి నవ్వాడు. “మీవోడు కాదు. పాడతన్నది డ్రమ్స్ వాయించేవోడు.”

ఆ పాట పేరు ‘బ్రిక్ హౌస్’, 1977 నాటిది. పాడింది వాల్టర్ ఆరెంజ్. స్టూడియోలో టేపు మిషన్ పాడై బాగుచేయిస్తుంటే, ఖాళీగా కూర్చోలేక రొనాల్డ్ లాప్రెడ్ బేస్ మీద ఏదో వాయించడం, మిగతావాళ్ళు ఒక్కొక్కరే అందుకోవడం, అలా పుట్టిన పాట అది. సాహిత్యంలో ట్రంపెట్ వాయించే విలియం కింగ్ భార్య చెయ్యి ఉంది. ఇంతకీ ఆ పాటలో రిచీ పని గుంపులో ఒకడిగా ఉండటం, అంతే.

డ్రమ్స్ వాయిస్తూ పాడటం ఎంత కష్టమో అన్నయ్య ఆ మధ్యాహ్నమే నాకు చూపించాడు. అన్నం తిన్న కంచం బోర్లించి, కుడిచేత్తో ఒక లెక్క, ఎడంచేత్తో ఒక లెక్క, కాలితో నేల మీద ఇంకో లెక్క. “ఇప్పుడు నోటితో నాలుగో లెక్క పెట్టు చూద్దాం” అన్నాడు. నేను రెండో లెక్కకే తప్పాను. ఎంగిలి కంచం మీద దరువేంటని పెద్దమ్మ ఇద్దర్నీ తిట్టింది.

కమోడోర్స్ సంగతులు అన్నయ్యకి ఎలా తెలిసేవంటే, జగదాంబ వైపు పాత పుస్తకాల వాళ్ళ దగ్గర అమెరికన్ పత్రికలు కిలోల్లెక్కన దొరికేవి. వాటిలో వెతికేవాడు. నేను మిగిలింది ఇంటర్నెట్ వచ్చాక పూరించుకున్నాను. అలబామాలో టస్కీగీ అని చిన్న ఊరు. నల్లజాతి వాళ్ళ చదువు కోసం 1881లో మొదలైన కళాశాల వల్ల ఆ ఊరికి పేరు. రిచీ అక్కడే, ఆ కళాశాల పక్కనే ఉన్న అమ్మమ్మగారింట్లో పెరిగాడు. ఆవిడ పియానో వాయించేది. 1968లో కాలేజీలో చేరినప్పుడు ఈయన చేతిలో ఒక సాక్సోఫోన్ ఉంది గాని నొటేషన్ చదవడం రాదు. ఇప్పటికీ రాదని తనే చెప్పుకుంటాడు. చర్చిలో ఫాదర్‌గా స్థిరపడదామా అని కూడా ఒక దశలో అనుకున్నాడట. కాలేజీలో ఉన్న రెండు చిన్న గ్రూపులు కలిసిపోయి ఒకటయ్యాయి. పేరేం పెట్టాలో తెలియక విలియం కింగ్ కళ్ళు మూసుకుని డిక్షనరీ తెరిచి వేలు పెట్టాడు. వేలు కమోడోర్ మీద పడింది. కాస్త అటూ ఇటూ అయితే కమోడ్ అయ్యేదని వాళ్ళే జోకులేసుకునేవారు.

1971 నుంచి జాక్సన్ ఫైవ్ కచేరీలకి ముందు పాడే గ్రూపుగా తిరిగారు. జనం వచ్చింది జాక్సన్ల కోసం. ఆ జనాన్ని ఆపాలంటే ఆరుగురూ ఒక్కటిగా చెలరేగాలి. తర్వాత మోటౌన్ అనే రికార్డుల కంపెనీ వాళ్ళని తీసుకుంది. 1974లో పేరు తెచ్చిన మొదటి హిట్ ‘మెషీన్ గన్’లో అసలు పాటే లేదు, ఉత్త వాయిద్యం. రాసింది కీబోర్డు వాయించే మిలన్ విలియమ్స్. అన్నయ్య పార్టీకి ఇదే మూలస్తంభం. “మొదటి హిట్టులో సింగరే లేడు. సింగరు ఎల్లిపోతే గ్రూపు పోయిందని ఎలా అంటావు?”

నా పార్టీకీ లెక్కలున్నాయి. కమోడోర్స్ పాటలు అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది రెండే రెండుసార్లు. 1978లో ‘త్రీ టైమ్స్ ఎ లేడీ’, 1979లో ‘స్టిల్’. రెండూ రిచీ రాసినవే, రిచీ పాడినవే, రెండూ నెమ్మది పాటలే. ఈ లెక్క చెబితే అన్నయ్యకి ఒళ్ళు మండేది.

నిజానికి రిచీ వెళ్ళిపోవడం 1982లో జరిగిందని రాస్తారు గాని, ఆ రెండు పాటల దగ్గరే సగం జరిగిపోయిందని నాకనిపిస్తుంది. ‘త్రీ టైమ్స్ ఎ లేడీ’ పుట్టుక చూడండి. వాళ్ళమ్మా నాన్నల 37వ పెళ్ళిరోజు విందులో తండ్రి లేచి నిలబడి భార్యని గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. అది విని కొడుకు పాట కట్టాడు. కట్టేటప్పుడు మనసులో ఉన్నది ఫ్రాంక్ సినాట్రా గొంతు. అంటే తన గ్రూపు కూడా కాదు! ఫంక్ అనే హుషారు దరువు వాయించి ఆడిటోరియాలు ఊపేసే ఆరుగురి చేతికి అమ్మానాన్నల పెళ్ళిరోజు పాట వచ్చింది.

అన్నయ్యకి ఆ పాట మీద కోపం, కానీ మంచం పట్టె మీద వాయించి చూపించింది అతనే. ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు. “ఇది త్రీ ఫోర్ రా. ఈ నడకలో డ్రమ్మర్‌కి ఏటుంటాది పని? పియానో ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఊఁ కొట్టాలి.” కాసేపాగి తనే అన్నాడు, “పాట మంచిదే అనుకో.”

ఇక్కడ నేను కాస్త ఆగాలి. ఎందుకంటే అందరూ ఈ కథని ‘ఒకడికి పేరొచ్చింది, తల తిరిగింది, వెళ్ళిపోయాడు’ అని చెప్పేస్తారు. అలా లేదు. 1980లో కెన్నీ రోజర్స్ అనే కంట్రీ గాయకుడికి ‘లేడీ’ అని పాట రాసి ఇచ్చాడు రిచీ. అది ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. మరుసటి ఏడాది, అంటే 1981లో, గాయని డయానా రాస్‌తో ‘ఎండ్‌లెస్ లవ్’. ఆవిడ కచేరీలు పక్క ఊళ్ళో ఉన్నాయని రీనోలో ఒక స్టూడియోలో తెల్లవారుజామున రికార్డు చేశారు. అది తొమ్మిది వారాలు. ఈ రెండింటి మీదా కమోడోర్స్ పేరు లేదు. అప్పటికీ ఆయన గ్రూపులోనే ఉన్నాడు, వాళ్ళతో ఆల్బమ్ చేస్తున్నాడు. బయట అలాంటి పాట పాడొచ్చి, లోపలికెళ్ళి ఆరుగురిలో ఒకడిగా కూర్చోవడం ఎవరికి సాధ్యం? కూర్చున్నా పక్కవాళ్ళు కూర్చోనిస్తారా? విలేకర్లు ఎవరినడుగుతారు ప్రశ్నలు?

దానికి తోడు మొదటి నుంచి ఆ గ్రూపుని పట్టుకుని నిలబెట్టిన మేనేజర్ బెనీ ఆష్‌బర్న్ 1982 ఆగస్టులో గుండెపోటుతో పోయాడు. ఆరుగురి మధ్య మాట చెప్పగల పెద్దదిక్కు లేకుండా పోయింది. అక్టోబరుకల్లా ‘లయనెల్ రిచీ’ అని తన పేరే పెట్టుకున్న ఆల్బమ్ బయటికొచ్చింది, అందులోని ‘ట్రూలీ’ మొదటి స్థానానికి వెళ్ళింది. విచిత్రమేమిటంటే కంపెనీ మారలేదు, అదే మోటౌన్. ప్రొడ్యూసర్ మారలేదు, కమోడోర్స్‌తో పనిచేసిన జేమ్స్ ఆంథొనీ కార్మైకేలే. రాసేదీ ఆయనే, పాడేదీ ఆయనే. కవరు మీద పేరు మారింది, వెనకాల వాయించే చేతులు మారాయి.

“చేతులు మారితే ఏటీ మారనట్టా?” అనేవాడు అన్నయ్య. ఆ కోపం రిచీ మీద కాదని నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది.

వాళ్ళ ఆర్కెస్ట్రాకి మంచి పేరుండేది. శ్రీరామనవమి పందిళ్ళు, రైల్వే క్వార్టర్స్‌లో దసరా, పెళ్ళిళ్ళు. ఒక సింగర్ ఉండేవాడు, మా చిన్నప్పుడు ఆయన మాకు హీరో. మొదట్లో బ్యానర్ మీద ఆర్కెస్ట్రా పేరే ఉండేది. తర్వాత కింద ఆయన పేరు చేరింది. ఇంకొన్నాళ్ళకి ఆయన పేరు పైకొచ్చి, ఆర్కెస్ట్రా పేరు కిందికి దిగింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. బ్యానర్ రాసేవాడు అలా రాసేశాడంతే. ఒక వేసవిలో ఆయన సినిమాల్లో ప్రయత్నిస్తానని మద్రాసు వెళ్ళాడు. తప్పేముంది? గొంతున్నవాడు వెళ్ళక ఏం చేస్తాడు? కానీ ఆ తర్వాత పందిరి కమిటీ వాళ్ళు ఎవరొచ్చినా ఒకే ప్రశ్న: “ఆయనొస్తాడా?” రాడంటే, సరే మళ్ళీ చెబుతాం అనేవారు. అన్నయ్యకీ పాడటం వచ్చు. రెండు పందిళ్ళలో డ్రమ్స్ ముందు మైకు పెట్టించుకుని పాడాడు కూడా. జనం వెనక్కి తిరిగి మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఆ ఏడాది చివరికి డ్రమ్ సెట్ అటకెక్కింది.

సరిగ్గా అప్పుడే ‘నైట్‌షిఫ్ట్’ వచ్చింది.

రిచీ వెళ్ళిపోయాక కమోడోర్స్ పని అయిపోయిందని అందరూ రాశారు. గిటారిస్టు థామస్ మెక్‌క్లారీ కూడా వెళ్ళిపోయాడు. ఇంగ్లండు నుంచి జేడీ నికొలస్ అనే కొత్త గాయకుణ్ణి తెచ్చుకున్నారు. 1984లో ఇద్దరు పెద్ద గాయకులు పోయారు. జనవరిలో జాకీ విల్సన్, ఏప్రిల్ 1న మార్విన్ గే. మార్విన్‌ని సొంత తండ్రే కాల్చి చంపాడు. ఆ ఇద్దరినీ తలుచుకుంటూ కట్టిన పాట ‘నైట్‌షిఫ్ట్’. పైలోకంలో రాత్రి డ్యూటీకి వెళ్ళి అక్కడ పాడుకుంటున్నారన్నట్టు ఉంటుంది. మార్విన్ మీది చరణం పాడింది డ్రమ్మర్ వాల్టర్ ఆరెంజ్, జాకీ మీది చరణం నికొలస్. పాటలో ఎక్కడా అరుపు లేదు. బేస్ నింపాదిగా నడుస్తుంటుంది, గొంతు దానిమీద మెల్లగా కూర్చుంటుంది. బ్రిక్ హౌస్‌లో చిందులేసిన ఆ గొంతు ఇంత తగ్గగలదని నేననుకోలేదు.

అన్నయ్య ఆ కేసెట్ పట్టుకుని మా ఇంటికొచ్చి వాల్యూము పూర్తిగా పెట్టాడు. షిఫ్టు దిగొచ్చి పడుకున్న నాన్న లేచొచ్చారు. తిడతారనుకున్నాం. పాట దేని గురించి అనడిగారు. చెప్పాను. “అంటే మనకి ఘంటసాల పోయినట్టన్నమాట” అని కూర్చుని మొత్తం విన్నారు. నైట్ షిఫ్ట్ అనే మాట షిప్‌యార్డ్ మనిషికి విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

అమెరికాలో అది పాప్ పట్టికలో మూడో స్థానం దాకా, నల్లజాతి సంగీతానికి వేరుగా ఉన్న ఆర్ అండ్ బి పట్టికలో మొదటి స్థానానికీ వెళ్ళింది. రిచీ ఉన్నన్నాళ్ళూ ఆ గ్రూపుకి రాని గ్రామీ, 1986లో ఈ పాటకి వచ్చింది. దానికి సరిగ్గా ఏడాది ముందు రిచీ ‘కాంట్ స్లో డౌన్’కి ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ అందుకున్నాడు. పోటీలో ప్రిన్స్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఉన్నారు. నిష్పక్షపాతంగా అడిగితే, ఆ ఏడాది నా ఓటు కూడా ప్రిన్స్‌కే. ఈ మాట అన్నయ్యకి మాత్రం చెప్పకండి.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో మాకు పోట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1986 తర్వాత రిచీ పూర్తి కొత్త ఆల్బమ్ మళ్ళీ 1996 దాకా రాలేదు. అన్నయ్య ఆ పదేళ్ళూ ఆనందంగా గడిపాడు. కమోడోర్స్ ఇంకో ‘నైట్‌షిఫ్ట్’ చెయ్యలేకపోయారు, అప్పుడు నేను ఆనందించాను. లాప్రెడ్ న్యూజిలాండ్ వెళ్ళి స్థిరపడ్డాడు. మిలన్ విలియమ్స్ 2006లో పోయాడు. కింగ్, ఆరెంజ్ మాత్రం ఆ పేరుని వదలకుండా దశాబ్దాల పాటు కచేరీలు చేశారు.

ఆ పేరు మీద చివరికి కోర్టు కేసు కూడా నడిచింది. మెక్‌క్లారీ చాలా ఏళ్ళ తర్వాత కమోడోర్స్ పేరు కలిసేలా తన సొంత గ్రూపు పెట్టి కచేరీలు మొదలెడితే, 2014లో మిగిలినవాళ్ళు దావా వేశారు. గ్రూపు వదిలి వెళ్ళినవాడికి ఆ పేరు మీద హక్కు లేదని, అది ఉండిపోయినవాళ్ళదేనని కోర్టు తేల్చింది. 2018లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఈ తీర్పు వార్త నేనే అన్నయ్యకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. ఉండిపోయినవాళ్ళదే అన్న ముక్క దగ్గర “ఆఁ, అదీ” అన్నాడు. రిచీకి ఆ బాధ లేదు. ఆయన వెళ్ళేటప్పుడు తన పేరొక్కటే పట్టుకెళ్ళాడు, అది సరిపోయింది. అందరికీ అలా సరిపోదు. మద్రాసు వెళ్ళిన మా సింగర్‌కి సరిపోలేదు. కోరస్‌లలో కొన్నాళ్ళు పాడి తిరిగొచ్చేశాడు. అన్నయ్యా ఆయనా ఇప్పుడు బీచ్ రోడ్డు మీద కలిసి వాకింగ్ చేస్తారు, పాత సంగతులు ఎత్తరు.

డాక్యుమెంటరీ గొడవ అయ్యాక, ఇలా కాదని ఒక వీడియో లింకు పంపాను. రిచీ ఈ మధ్యకాలపు కచేరీ. డెబ్భై దాటిన మనిషి, వేలమంది జనం, పియానో దగ్గర్నుంచి లేచొచ్చి ‘బ్రిక్ హౌస్’ అందుకున్నాడు. తన పాట కానిది, డ్రమ్మర్ పాడిన పాట. పాత గ్రూపుని మరిచిపోలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి, ఈసారి నాదే గెలుపు అనుకున్నాను.

సాయంత్రానికి అన్నయ్య వాయిస్ మెసేజ్. “చూసేన్రా. బాగానే పాడేడు, కాదన్ను. కానీ ఎనకాల డ్రమ్స్ కాడ కూర్చున్న కుర్రోడ్ని చూసేవా? ఆడికి మైకే ఇవ్వలేదు.”